మధ్య గొంతు

మిస్ హాటీ వంటింట్లో ఒకటే నియమం ఉండేది. మా పాటల గ్రూపు వదిలి వెళ్ళేవాళ్ళు, తమ చోటులోకి వచ్చేవాళ్ళకి తమ గొంతు నేర్పి వెళ్ళాలి. పెళ్ళి చేసుకుని వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా, పోట్లాడుకుని వెళ్ళినా సరే, ఆ ఆకుపచ్చ రేకు బల్ల దగ్గర కూర్చుని నేర్పాకే వెళ్ళాలి.

ఆవిడ ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. అక్కడ పని మానేసేవాళ్ళు కొత్తమనిషి పక్కన రెండు వారాలు నిలబడి ఇస్త్రీ యంత్రం దగ్గర చెయ్యి ఎలా పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో చూపించి మరీ వెళ్ళేవారట. లేకపోతే కొత్తమనిషి చెయ్యి కాలుతుంది. "పాటలో చేతులు కాలవులే, పరువు కాలుతుంది" అనేది మిస్ హాటీ.

ఆవిడ కూతురు ఆర్నెటా మా లీడ్ సింగర్. అరవై నాలుగులో ఆర్నెటా, లొరెయిన్, క్లియో అనే ముగ్గురు స్కూలు పిల్లలు ఉత్తర ఫిలడెల్ఫియాలో తాము పుట్టి పెరిగిన కేంబ్రియా వీధి పేరే పెట్టుకుని 'కేంబ్రియెట్స్' అని మొదలుపెట్టారు. ముగ్గురికీ మిస్ హాటీ ఒకే తానులోంచి గౌన్లు కుట్టింది. డెబ్భై అయిదు నాటికి పాటలు మారాయి, తాళం వేగం పెరిగింది, జనం కూర్చుని వినడం మానేసి లేచి ఆడటం మొదలుపెట్టారు. మా రికార్డులు తీసే మిస్టర్ బర్డెట్, ముప్పై ఏళ్ళ ఆడవాళ్ళు ఇంకా జడకి రిబ్బను కట్టుకున్నట్టు ఆ 'ఎట్స్' ఏమిటని తోక కోసేశాడు. అప్పట్నించి ఉత్త 'కేంబ్రియా' అయ్యాం. మొత్తం ముప్పై రెండేళ్ళలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఆ పేరు కింద పాడారు. మొదటి ముగ్గురి తర్వాత వచ్చినదాన్ని నేను. నా పేరు వెర్లీన్.

లొరెయిన్ ఒక సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని జర్మనీ వెళ్ళిపోతూ నాకు మధ్య గొంతు, అంటే ముగ్గురం ఒకేసారి పాడే మూడు వరసల్లో నడిమిది, నేర్పింది. అరవై తొమ్మిది సంగతి. మూడు వారాలు నేర్పింది. మాలో ఎవరికీ స్వరాలు రాసుకోవడం రాదు. ఎవరి గొంతు వాళ్ళ నోట్లోనే ఉండేది, నోటినుంచి నోటికే వెళ్ళేది. లొరెయిన్ నాకు పాట ఒక్కటే నేర్పి ఊరుకోలేదు. ఆర్నెటా సంతోషంగా ఉన్నరోజు పల్లవి చివర ఒక అర క్షణం ఆలస్యం చేస్తుందని, ఆ అర క్షణం ఊపిరి దాచుకోవాలని చెప్పింది. క్లియోకి జలుబు చేసిందంటే పై గొంతు కొంచెం కిందికి జారుతుందని, అప్పుడు తనని వదిలేయకుండా మనమూ ఒక వెంట్రుకవాసి జారాలని చెప్పింది. ఏ గౌను ఎక్కడ గుచ్చుకుంటుందో కూడా చెప్పింది.

ఆఖరిరోజు పరీక్ష. మిస్ హాటీ మావైపు వీపు పెట్టి గిన్నెలు కడుగుతుంది. ముగ్గురం పాడాలి. కొత్తగొంతు ఆవిడ చెవికి వేరుగా తగిలితే మళ్ళీ వారం పాఠం. తగలకపోతే వెళ్ళే ఆవిడ తన గౌను తీసి వచ్చిన ఆవిడ చేతిలో పెడుతుంది. నాకు మొదటిసారే గౌను వచ్చింది. ఆ గొప్ప లొరెయిన్‌ది. అప్పట్లో నాదే అనుకున్నాను.

మధ్య గొంతు గురించి ఒక మాట చెప్పాలి. పాట విన్నవాళ్ళు ఇంటికెళ్తూ కూనిరాగం తీసేది ఆర్నెటా గొంతుని. కళ్ళు మూసుకుని తలలూపేది క్లియో పై గొంతుకి. మధ్య గొంతు ఎవరికీ వినబడదు. తీసేస్తే మాత్రం వినబడుతుంది. ఏడేళ్ళు అలా వినబడకుండా పాడాను, అదంటే నాకు ప్రాణం. పగలు దుస్తుల కర్మాగారంలో కాలర్లు కుట్టేదాన్ని. శని, ఆదివారాలు ఎక్కడో ఒకచోట, బాల్టిమోర్‌లోనో న్యూవర్క్‌లోనో, ఆ ఇద్దరి మధ్య నిలబడేదాన్ని. ఆ నిలబడే జాగా రెండడుగులుంటుందేమో. అక్కడ తప్ప ఇంకెక్కడా నేను నా అంత ఎత్తుగా ఉన్నట్టు అనిపించేది కాదు.

డెబ్భై ఆరు ఫిబ్రవరిలో మాకొక కొత్త పాట వచ్చింది. 'బుధవారం దాకా ఆగు' అని. పాట ముప్పాతిక అయ్యాక వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, నాలుగు వరుసలు మా ముగ్గురి గొంతులే మిగులుతాయి. ఆ చోట ఏం పాడాలో ఎవరి గొంతు వాళ్ళే వెతుక్కోవాలి. నేను రోజుకొకటి పాడి చూస్తూ వచ్చాను. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చిలగడదుంపలు చెక్కు తీస్తుంటే దొరికింది. ఆర్నెటా ఒక మాటని సాగదీసి నిలబెట్టినప్పుడు నేను ఆమె కిందికి దిగిపోయి, అక్కణ్ణించి మెట్టు మెట్టుగా ఎక్కి, ఆమెని దాటి, సరిగ్గా మాట ముగిసేవేళకి క్లియో పక్కకి చేరుకోవాలి. కత్తి కింద పెట్టి నాలుగైదుసార్లు పాడుకున్నాను. ఒళ్ళు జలదరించింది. వాళ్ళిద్దరితో కలిపి రెండేసార్లు పాడాను, అంతే. మూడోసారికి ముందే మంచం ఎక్కాను.

నాకప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండు పోయాయి. ఇదైనా దక్కాలంటే కాన్పు దాకా పడుకునే ఉండాలన్నాడు డాక్టరు. రికార్డింగు ఇంకా నెలే ఉంది. నా భర్త వెండెల్ సిటీ బస్సు డ్రైవరు. మాటల మనిషి కాదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తూ, "పాట ఎక్కడికీ పోదు, వెర్" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. పాట ఎక్కడికీ పోదు, నిజమే. నేనే కదా పోయేది.

మిస్ హాటీ స్వయంగా మా ఇంటికొచ్చి, కాన్పుకి వెళ్ళినవాళ్ళ చోటు ఏడాది దాకా వాళ్ళదేనని చెప్పింది. నేను తల ఊపాను గానీ నమ్మలేదు. ఆ మాట ఎవరికోసమూ నిలబెట్టాల్సిన అవసరం అంతవరకూ రాలేదు. అప్పటికి వెళ్ళింది లొరెయిన్ ఒక్కతే, ఆమె తిరిగి రాలేదు మరి.

నా చోట్లోకి జోసెలిన్ వచ్చింది. ఇరవై రెండేళ్ళు. జెర్మన్‌టౌన్‌లో చర్చి బృందంలో పాడేది, పగలు బీమా ఆఫీసులో టైపు కొట్టేది. నేను లేవకూడదు కాబట్టి పాఠం మా ఇంట్లోనే. మొదటిరోజు గుడ్డ కప్పిన గిన్నెతో పీచ్ కాబ్లర్ అనే పళ్ళ తీపివంటకం పట్టుకొచ్చి, పెద్దావిడల్ని పిలిచినట్టు "మిస్ వెర్లీన్" అని పిలిచింది. నాకు ముప్పై నిండాయో లేదో, అప్పుడే మిస్‌నైపోయానా అన్నాను. "మా అమ్మ పెంపకమండీ. పేరుపెట్టి పిలిచానని తెలిస్తే ఇప్పుడు కూడా చెంప పగలగొడుతుంది" అంది. మంచి పిల్ల. అదే నా బాధ. కాస్త పొగరుదైనా, కాస్త శ్రుతి తప్పేదైనా బాగుండేదనిపించింది.

పాత పాటలన్నీ సరిగ్గానే నేర్పాను. లొరెయిన్ చెప్పినట్టే అర క్షణాలూ, జలుబులూ అన్నీ చెప్పాను. కొత్త పాటలో ఆ నాలుగు వరుసల దగ్గరికొచ్చేసరికి మాత్రం దాహమేస్తోందని నీళ్ళడిగాను. తాగి, ఆ చోట ఒకే స్వరం మీద కదలకుండా నిలబడమని చెప్పాను. తప్పు నేర్పలేదు. అదీ శ్రుతిలోనే ఉంటుంది. కానీ అసలైనది చెప్పలేదు. మావైపు ఆడవాళ్ళు కొందరు తమ వంటకం ఇంకొకరికి చెప్పేటప్పుడు ఒక్కటి మింగేస్తారు. జాజికాయ చెబుతారు, నిమ్మతొక్క చెప్పరు. ఆ తర్వాత చర్చి విందులో ఎవరి గిన్నె ముందు ఖాళీ అవుతుందో చూసుకుంటారు. అలాంటివాళ్ళని చూసి నవ్వేదాన్ని నేను.

నా లెక్క నాకుంది. పాటలో ఆ ఒక్క చోటు నేను వస్తేనే నిండాలి. అప్పుడు నన్ను పిలవక తప్పదు.

పరీక్షరోజు వెండెల్ నన్ను కారులో మెల్లగా తీసుకెళ్ళి మిస్ హాటీ వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టాడు. కాళ్ళకింద పీట వేశాడు. ముగ్గురూ పాడారు. ఆ చోటికి రాగానే ఆర్నెటా కనుబొమ్మలు ముడిచి, పాట అయ్యాక నావైపు తిరిగింది. ఇంతకుముందు ఇక్కడ ఇంకేదో ఉండేది కదా అని అడిగింది. ఏదేదో ప్రయత్నించాను, చివరికి ఇదే నిలిచింది అన్నాను. పన్నెండేళ్ళుగా పాడుతున్న మనిషి, నా మాట నమ్మి తల ఊపింది. మిస్ హాటీ కుళాయి కట్టేసి, కొత్తగొంతు తన చెవికి వేరుగా తగల్లేదని ఒప్పుకుంది. చేతులు తుడుచుకుంటూ, "పిల్ల బాగుంది. పాటే ఎక్కడో కాస్త పల్చబడింది" అంది. ఆవిడ నావైపు చూడలేదు. నేనూ ఆవిడవైపు చూడలేదు. నా గౌను జోసెలిన్ చేతిలో పెట్టాను.

రికార్డింగు రోజు మధ్యాహ్నం మూడింటికి మంచం పక్కన ఫోను మోగింది.

"మిస్ వెర్లీన్, నేను జోసెలిన్‌ని. నిద్ర లేపానా?"

లేదన్నాను. నిజానికి ఉదయం నుంచీ గడియారం చూస్తూనే ఉన్నాను. స్టూడియో వరండాలో ఉన్న డబ్బాఫోను నుంచి మాట్లాడుతున్నానంది. మిస్టర్ బర్డెట్‌కి ఆ నాలుగు వరుసలు బోలుగా వినిపిస్తున్నాయట. మా గొంతులు తీసేసి అక్కడ సాక్సఫోన్ పెడతానంటున్నాడట. ఆర్నెటా ఆయనతో వాదిస్తోందట.

"ఆ చోట మీరేం పాడేవారో అడుగుదామని చేశాను."

"నేర్పాను కదా."

"నేర్పారు. అలాగే పాడాను. కానీ ఆ చోటికి వచ్చినప్పుడల్లా ఆర్నెటా తల ఎడమవైపు తిరుగుతోందండీ. అక్కడ ఏదో ఎదురొస్తుందన్నట్టు. మూడుసార్లు చూశాను." గొంతు తగ్గించింది. "పడుకుని పడుకుని, ఆ మందులూ అవీ మింగి, మీరేమైనా మర్చిపోయారేమోనని. మర్చిపోయే ఉంటారు. ఎవరైనా మర్చిపోతారు."

 అవతల డబ్బాలో నాణెం పడిన చప్పుడు. ఎవరో మగమనిషి గొంతు, ఇంకెంతసేపమ్మా అంటోంది. మా ఆయనతో పోట్లాట, మధ్యలో ఆపితే ఓడిపోతాను అని జోసెలిన్ అతనికి జవాబు చెప్పింది.

సాక్సఫోన్ పెడితే నా వరస ఎవరూ పాడరు. రేపు నేను తిరిగొచ్చినా పాడటానికి అక్కడ చోటుండదు. ఇప్పుడు చెబితే అది జోసెలిన్ గొంతులో రికార్డయిపోతుంది. ఇక ఎప్పటికీ ఆ పిల్లదే. ఎటు చూసినా నాకేమీ మిగలదు. ఆశ్చర్యం ఏమిటంటే, అది అర్థమయ్యాక నాకు కొంచెం తేలికయింది. దాచుకోవడానికి ఏమీ లేదు ఇక. పాట ఒక్కటే ఉంది, ఒక గదిలో అది సగం ఆకలితో నిలబడి ఉంది.

ఎడమవైపుకి తిరిగి పడుకుని, ఫోను దిండుమీద పెట్టుకుని పాడాను. కిందికి దిగి, మెట్టు మెట్టుగా ఎక్కి, దాటి. జోసెలిన్ తిరిగి పాడింది. రెండోమెట్టు దగ్గర తొందరపడుతున్నావన్నాను. మళ్ళీ పాడింది. ఎనిమిదిసార్లు పాడుకున్నాం. అయిదోసారికి ఆ వరండాలో గొణుగుడు ఆగిపోయింది. ఏడోసారికి ఆ మగమనిషి తన జేబులోంచి నాణెం తీసి డబ్బాలో వేశాడట. డ్రమ్మర్ అట అతను. ఎనిమిదోసారి నేనేమీ చెప్పలేదు. చెప్పడానికేమీ లేదు.

"గుర్తొచ్చినందుకు థాంక్స్ అండీ" అని ఫోను పెట్టేసింది.

ఆ వేసవి ఆ పాట వినబడని చోటు లేదు. కార్ల కిటికీల్లోంచి, మంగలి షాపులోంచి, మెట్లమీద కూర్చున్న ఆడపిల్లల రేడియోల్లోంచి. రికార్డు అట్టమీద ముగ్గురి ముఖాలు. ఆర్నెటా, క్లియో, జోసెలిన్. వెండెల్ ఆ రికార్డు కొనుక్కొచ్చాడు గానీ నాకు చూపించాలా వద్దా తెలియక రెండురోజులు బస్సులోనే, తన సీటు వెనక పెట్టుకు తిరిగాడు. జులైలో ఒక మధ్యాహ్నం వీధిలోంచి ఆ నాలుగు వరుసలు వినబడి, కిటికీ మూయమన్నాను. ఉక్కపోతలో ఏడ్చాను. అబద్ధమెందుకు, పాట బాగుందనే ఏడ్చాను.

ఆగస్టులో కెండ్రా పుట్టింది. అయిదున్నర పౌండ్లు, గొంతు మాత్రం పది పౌండ్లది. మిస్ హాటీ చికెన్ వండి తెచ్చింది. ఆర్నెటా చికాగో నుంచి ఫోను చేసింది. అందరూ మంచివాళ్ళే. ఎవరూ నా చోటు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఏ ముఖం పెట్టుకుని ఎత్తను?

మరుసటి ఏడాది ఏప్రిల్లో మిస్ హాటీ మా ఇంటి మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టుకీ ఆగుతూ వచ్చింది. ఏడాది అవుతోంది, ఎప్పుడొస్తున్నావు అని అడిగింది. నాకు అర్థం కాలేదు. జోసెలిన్ ముఖం కదా అట్టమీద ఉన్నది, మిస్టర్ బర్డెట్ ఒప్పుకుంటాడా అన్నాను. ఒప్పుకోలేదట. నడుస్తున్న బండికి చక్రం మారుస్తారా అన్నాడట. ఆర్నెటా కూడా అటూ ఇటూ ఊగిందట. అప్పుడు జోసెలినే లేచి, ఆ చోటు తనకి ఏడాదికి ఇచ్చిందే తప్ప తనది కాదని, ఆ మాటమీదే తను వచ్చానని చెప్పిందట.

"నేను ఇచ్చిన మాటే కదా అది" అంది మిస్ హాటీ. "కానీ నిలబెట్టింది ఆ పిల్ల. నేనైతే, నిజం చెబుతున్నా, ఆ రికార్డు అమ్ముడుపోయేది చూసి, కళ్ళు మూసుకుని ఊరుకునేదాన్నేమో."

వెళ్ళేవాళ్ళు నేర్పి వెళ్ళాలి కదా. జోసెలిన్ రెండు వారాలు సాయంత్రాలు మా ఇంటికొచ్చింది. నా పాట నాకే నేర్పింది. నవ్వులాటగా అంటున్నాను గానీ, నిజంగానే నేర్పాల్సి వచ్చింది. ఏడాదిపాటు వేదికలమీద పాడి పాడి పాట మారిపోయింది. జనం ఆడుతుంటే తాళం ఇంకా వేగం పెరుగుతుంది, అందుకని రెండోమెట్టు దగ్గర ఆగకుండా జారిపోవాలి. పెద్ద హాళ్ళలో మన గొంతు మనకి వినబడదు, అప్పుడు క్లియో భుజంవైపు చూడాలి, ఆమె ఊపిరి తీస్తే భుజం లేస్తుంది. కొత్త చెప్పులకి వేసిన వెండిరంగు చెమటకి కారుతుంది, మేజోళ్ళు రెండు జతలు పెట్టుకోవాలి. డెట్రాయిట్‌లో ఒక హాలు యజమాని ఉన్నాడు, మెట్లెక్కేటప్పుడు చెయ్యందిస్తానని వస్తాడు.

"వస్తే?"

"రెండు చేతులతో గౌను ఎత్తిపట్టుకోండి. చేతులు ఖాళీ లేవు బాబూ అనండి. క్లియోకి చెప్పకండి, ఆమె చెయ్యి ఇచ్చి వేళ్ళు విరిచేస్తుంది. పోయినసారి అదే గొడవ."

ఒక్కటీ దాచుకోలేదు. నేను అడగనివి కూడా చెప్పింది. ఆఖరిరోజు సాయంత్రం నేను పసిదాని గుడ్డలు ఇస్త్రీ చేస్తున్నాను, జోసెలిన్ కెండ్రాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉడికించిన ఆపిల్ తినిపిస్తోంది. ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

"జోసెలిన్, నేనానాడు మర్చిపోలేదు."

"తెలుసండీ" అంది, చెంచా ఊదుతూ.

"ఎప్పట్నించి?"

"పాఠం మొదలుపెట్టిన మూడోరోజు నుంచి. ఆ చోటికి వచ్చినప్పుడల్లా మీకు దాహమేసేది."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఎదురు కుర్చీలో కూర్చున్నాను. మరి తెలిసీ ఎందుకు అడగలేదన్నాను. ఆర్నెటాకి ఒక్క మాట చెబితే పోయేదానికి ఫోను చేసి, మర్చిపోయారేమోనని ఎందుకన్నావు అన్నాను.

"మా అమ్మా అంతే. ఏదైనా దాచిందనుకోండి, దాచావు కదా అని అడిగితే లేదంటుంది. ఒకసారి లేదని నోటితో అనేశాక ఇంక ఇవ్వడం ఆవిడ వల్ల కాదు, పాపం, ఇవ్వాలనిపించినా. అందుకని మేం పిల్లలం, అమ్మా ఎక్కడో పెట్టి మర్చిపోయావేమో చూడు అనేవాళ్ళం." పసిదాని గడ్డం తుడిచింది. "మీరు ఇస్తారని తెలుసు. ఇచ్చే దారి ఉండాలి కదా."

నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఆ సాయంత్రం నేనే దాన్ని మిస్ జోసెలిన్ అని పిలవాల్సింది.

గౌను నా చేతిలో పెట్టి, ఆ సోమవారం బీమా ఆఫీసుకి వెళ్ళిపోయింది. టైపు కొట్టడానికి. నేను నా రెండడుగుల జాగాలోకి తిరిగొచ్చాను. రెండేళ్ళు ఎక్కడెక్కడో పాడాం. ఆ నాలుగు వరుసలు వచ్చినప్పుడు జనం ఆడటం ఆపి చేతులు పైకెత్తేవాళ్ళు. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. సంతోషంగానే ఉన్నాను. అయినా ఎక్కడైనా రేడియోలో ఆ రికార్డు వినబడితే, సూదీ దారం పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. దిగి ఎక్కేచోట జోసెలిన్ గొంతులో ఒక జాలి ఉంటుంది. అది నేను నేర్పింది కాదు. నాలో లేదు. ఎన్నిసార్లు పాడినా నాకు రాలేదు.

డెబ్భై తొమ్మిది శరదృతువులో క్లియో వెళ్తానంది. ఆమె భర్త చర్చిలో పాస్టరయ్యాడు, పాస్టరు భార్య మెరుపు గౌనులో డాన్సు హాళ్ళ అద్దాల బంతి కింద పాడితే బాగుండదు. పై గొంతుకోసమని ఆర్నెటా ముగ్గురు అమ్మాయిల్ని చూసి పెట్టుకుంది. ఒక నెల ఆగమన్నాను. ఎందుకని అడిగింది. చెబుతానన్నాను. ఆ నెలంతా క్లియో ఇంటికి వెళ్ళి వచ్చాను. ఆ నెల చివర ఒకరోజు బస్సెక్కి ఊరి నడిబొడ్డుకి వెళ్ళి, బీమా ఆఫీసు ఎదురుగా బెంచీమీద కూర్చున్నాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకి జోసెలిన్ సంచీలో తిండి పట్టుకుని బయటికొచ్చింది. నన్ను చూసి, పాప బాగుందా, వెండెల్ బాగున్నాడా అని ముందు అడిగింది. బాగున్నారని తెలిశాకే పక్కన కూర్చుంది.

"పై గొంతు ఖాళీ అవుతోంది" అన్నాను.

"విన్నాను. కానీ నాది పై గొంతు కాదు. మీకు తెలుసు కదా."

"తెలుసు. నీది మధ్య గొంతు."

నమలడం ఆపింది. "మధ్యలో మీరున్నారు."

"నేను పైకి వెళ్తున్నాను. క్లియో నేర్పుతోంది, ఆర్నెటాకి తెలియకుండా."

"ముప్పై నాలుగేళ్ళకా?"

"ముప్పై మూడు. నెలనుంచీ సాధన చేస్తున్నాను. పక్కింటాయన వచ్చి, మీ పిల్లి ఏదైనా తలుపుసందులో ఇరుక్కుందా అని అడిగాడు. ఇప్పుడు అడగటం మానేశాడు. అంటే కాస్త నయమైనట్టే."

తను నవ్వలేదు. సంచీ మడతపెడుతూ, "ఆ చోటంటే మీకెంత ఇష్టమో నాకంటే ఎవరికి తెలుసు. ఎందుకిస్తున్నారు?" అంది. "ఆ పాత సంగతికైతే వద్దండీ. అది ఎప్పుడో అయిపోయింది. బాకీ తీర్చినట్టు ఇస్తే నేను పాడలేను."

అప్పుడు నిజం చెప్పాను. "అందుకు కాదు. రెండేళ్ళు నేను పాడి చూశాను జోసెలిన్. నేను పాడినప్పుడు జనం చప్పట్లు కొడుతున్నారు. నువ్వు పాడింది విన్నప్పుడు నేనే పని ఆపి నిలబడిపోతున్నాను. ఆ వరస నేను కనిపెట్టాను గానీ, అది నీ గొంతుకోసం పుట్టింది. అది తెలిసీ ఇంకా నేనే పాడుతూ కూర్చుంటే, మళ్ళీ దాచుకున్నట్టే కదా. నాకు నీతో, ఆర్నెటాతో కలిసి ఉంటే చాలు. ఏ గొంతయినా ఫరవాలేదు."

జోసెలిన్ తన బ్రెడ్డు సగం తుంచి నా చేతిలో పెట్టింది. నేను తినే వచ్చాను. అయినా తిన్నాను. చేపముక్క, దానిమీద కారం సాసు, ఇప్పటికీ నాలుకమీద ఉంది ఆ రుచి.

"ఇంకా పావుగంట ఉంది నాకు" అంది. "ఏదీ, పై గొంతు ఒకసారి వినిపించండి."

"ఇక్కడా?"

"పక్కింటాయన విన్నాడు కదా. వీళ్ళదేముంది."

గొంతు సవరించుకుని ఆ నాలుగు వరుసలు మొదలుపెట్టాను. క్లియోలా ఉందని చెప్పను. మూడోవరుసలో కాస్త చీలింది కూడా. అక్కడే జోసెలిన్ నా కింద చేరింది. దిగి, మెల్లగా ఎక్కుతూ వస్తుంటే నాకు ఆ పై స్వరం మీద కాళ్ళూనుకోవడానికి నేల దొరికినట్టయింది. ఇన్నేళ్ళూ క్లియో దేనిమీద నిలబడి పాడిందో అప్పుడు తెలిసింది.

ఎదురు బెంచీలో న్యూస్‌పేపరు చదువుకుంటున్న ముసలాయన కాగితం దించి మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "ఆ పాట నాకు తెలుసు. ముగ్గురుండాలి కదా మీరు. మూడో ఆవిడేది?"

"ఇంట్లో ఉందండీ" అంది జోసెలిన్, ఒళ్ళో రాలిన బ్రెడ్డు పొడి దులుపుకుంటూ. "ఆవిడకి ఇంకా చెప్పలేదు."